మెయిల్ సాఫ్ట్‌వేర్ గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ డెస్క్‌టాప్ మెయిల్ సాఫ్ట్‌వేర్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమానికి లోటేముంది, నా కంప్యూటర్ ర్యామ్‌లో సగం మీరే భోంచేస్తున్నారు.

నాకు నాలుగు మెయిల్ అకౌంట్లు. ఒకటి ఆఫీసుది, ఒకటి సొంతానిది, ఒకటి బిల్లుల కోసం, నాలుగోది ఎందుకు తెరిచానో నాకే గుర్తులేదు. నాలుగు ట్యాబులు తెరుచుకుని కూర్చోవడం దేనికి, అన్నీ ఒక్కచోట చూసుకోవచ్చు కదా అని ఎవరో అంటే మిమ్మల్ని తెచ్చి పెట్టుకున్నాను. మీరూ ఎంతో మర్యాదగా మొదలుపెట్టారు. పేరు, అడ్రస్, పాస్‌వర్డ్, మూడే గళ్లు. మిగతాది నాకొదిలేయండి అన్నట్టు ఒక చక్రం తిప్పారు. తిప్పి తిప్పి, సర్వర్ వివరాలు దొరకలేదు, మీరే నింపుకోండి అన్నారు.

అక్కడ మొదలైంది నా పోర్టుల పారాయణం. పోర్టంటే సర్వర్ ఇంటి గుమ్మం నంబరు. ఉత్తరాలు తెచ్చుకోవడానికి ఐమాప్, పాప్ అని రెండు పద్ధతులు. ఐమాప్ అయితే 143 లేదా 993. పాప్ అయితే 110 లేదా 995. పంపడానికి 587, కాకపోతే 465, అదీ కాకపోతే ముసలి 25. ఈ 465 కథ మరీ విచిత్రం. 1997లో దానికి పీట వేశారు, కొన్నాళ్లకే లాగేశారు, మళ్లీ 2018లో బతిమాలి తెచ్చి కూర్చోబెట్టారు. పక్కనే ‘ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్’, ‘స్టార్ట్‌టీఎల్ఎస్’ అని రెండు, మన మాటలు దారిలో ఎవరూ వినకుండా తాళం వేసే పద్ధతులు. మొదటిది గడప దగ్గరే తాళం వేసుకుని మాట్లాడుతుంది, రెండోది పలకరింపులయ్యాక తాళం వేస్తుంది. 993 రాసి పక్కన స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకుంటే మీరు అలా చూస్తూనే ఉంటారు. తప్పని చెప్పరు, ఒప్పని చెప్పరు, చక్రం మాత్రం తిరుగుతుంది.

చివరికి నోరు విప్పి అన్న మాట ఏమిటి? ‘పాస్‌వర్డ్ తప్పు’.

అయ్యా, నా పాస్‌వర్డ్ నాకు తెలియదా? బ్రౌజర్‌లో అదే కొడితే తలుపు బార్లా తెరుచుకుంటోంది. మీ దగ్గర ఆరుసార్లు కొట్టాను, ఏడోసారి నా మీద నాకే అనుమానం వచ్చింది. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఉత్త పాస్‌వర్డ్ చూపించి లోపలికొస్తామంటే వెబ్‌మెయిల్ వాళ్లు చాలామంది ఒప్పుకోవడం మానేశారు. జీమెయిల్ అయితే సొంత అకౌంట్లకు 2022 మే 30 నుంచే మానేసింది. ఓఆథ్ పద్ధతి (పాస్‌వర్డ్ మీ చేతికివ్వకుండా అనుమతి మాత్రం ఇచ్చేది) ఎంచుకుంటే వాళ్ల లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది, అక్కడ అనుమతి ఇచ్చి రావాలి. లేదా రెండంచెల తనిఖీ పెట్టుకుని, మీ ఒక్కరి కోసమే ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తెచ్చి మీకు సమర్పించుకోవాలి. నాలుగేసి అక్షరాల నాలుగు ముక్కలు, ఒక్కసారే కనిపిస్తుంది, మళ్లీ చూపించమన్నా చూపించరు. ఇంత కథ ఉంటే మీరు ‘పాస్‌వర్డ్ తప్పు’ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. మీ పొదుపుకు జోహార్లు.

సరే, లోపలికొచ్చాం. ఉత్తరాలు దిగాయి. పొంగిపోయి ఒకదానికి జవాబు రాస్తే అది ఔట్‌బాక్స్‌లోనే కూర్చుంది. రాకకు ఒక సర్వరు, పోకకు ఒక సర్వరు, పోయే దారిలో మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతారట. ఒకే ఇంటికి రెండు గుమ్మాలు, రెండింటికీ కాపలావాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

పాప్, ఐమాప్ అని మీరు అడిగిన రోజు మాత్రం నేను మర్చిపోలేను. ఏది కావాలి అని అడిగారు గాని, తేడా ఏమిటో చెప్పలేదు. పేరు చిన్నగా ఉందని పాప్ నొక్కాను. మూడు వారాల తర్వాత ఫోన్ తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. గుండె ఝల్లుమంది. ఎవడో హ్యాక్ చేశాడని టెన్షన్‌తో వెంటనే పాస్‌వర్డ్ మార్చేశాను. ఆ మరుక్షణం మీరు ‘పాస్‌వర్డ్ తప్పు’ అన్నారు. మన పరిచయంలో మీరు నిజం చెప్పింది ఆ ఒక్కసారే.

పాప్ అంటే బావిలో నీళ్లు తోడి ఇంటికి మోసుకెళ్లడం. ‘సర్వర్‌లో కాపీ ఉంచు’ అన్న టిక్కు లేకపోతే బావి ఎండిపోతుంది. ఐమాప్ అంటే బావి గట్టున కూర్చుని చూసుకోవడం. ఎక్కడి నుంచి చూసినా అవే నీళ్లు కనిపించాలని 1986లోనే మార్క్ క్రిస్పిన్ అనే కంప్యూటర్ నిపుణుడు దాన్ని రూపొందించాడు. అది తెలుసుకుని ఐమాప్‌కు మారాను. కంప్యూటర్‌లో జాగా లేదని పాత ఉత్తరాలు కొన్ని తీసేశాను. ఫోన్‌లోనూ పోయాయి. అదే బావి కదా.

మిమ్మల్ని ముస్తాబు చేయడానికి ఒక ఆదివారం మొత్తం పోయిందని కూడా మనవి చేసుకుంటున్నాను. చదివే గడి కింద ఉండాలా, పక్కన ఉండాలా? జవాబు పాత ఉత్తరం పైన రాయాలా, కింద రాయాలా? (దీని మీద మనుషులు దశాబ్దాలుగా పోట్లాడుకుంటున్నారు.) సంతకానికి ముందు రెండు గీతలు, ఒక ఖాళీ ఉండాలని కూడా నేర్చుకున్నాను. సాయంత్రానికి మీరు ధగధగలాడారు. ఆ రోజు వచ్చిన ఉత్తరం ఒక్కటీ నేను చదవలేదు.

ఇంకో చిన్న మాట. జీమెయిల్‌లో లేబుళ్లు అనేవి మీ దగ్గరికొచ్చేసరికి ఫోల్డర్లవుతాయి. ఒకే కరెంటు బిల్లు ఇన్‌బాక్స్‌లో ఒకసారి, ‘బిల్లులు’లో ఒకసారి, ‘ఆల్ మెయిల్’లో ఒకసారి కనిపిస్తే, మూడు బిల్లులొచ్చాయని ఇంట్లో కాసేపు గొడవ జరిగింది. పంపినవాటిదీ అదే వరస. కొన్ని సర్వర్లు కాపీ తామే దాచుకుంటాయి, మీ దగ్గరా కాపీ ఉంచమన్న టిక్కు ఉంది. ఇద్దరూ బాధ్యతగా ప్రవర్తిస్తారు, ప్రతి మాటా రెండుసార్లు అన్నట్టుంటుంది.

ఇంత తిట్టుకున్నా మిమ్మల్ని తీసేయలేదు. నెట్ పోయిన రోజు అయిదేళ్ల కిందటి ఉత్తరాన్ని క్షణంలో వెతికి ఇచ్చింది మీరే, కాదనను. నాలుగో అకౌంటు ఎందుకు తెరిచానో కూడా మీ పుణ్యమా అని తెలిసింది. అందులో మిగతా మూడింటి పాస్‌వర్డ్ రికవరీ మెయిళ్లు ఉన్నాయి.

ఈ ఉత్తరాన్ని మీ ద్వారానే నాకు నేను పంపుకుంటున్నాను. ‘సెంట్’లో ఎలాగూ రెండు కాపీలు పడతాయి, ఒకటి మీరు ఉంచుకోండి.

ఇట్లు,
తమ విధేయుడు,
పోర్టు 587 వద్ద నిరీక్షణలో