సంతకం ఎవరిది?
నర్సింగ్ విద్యార్థులు తెలుసుకోవాల్సిన చట్టాల గురించి చెబుతూ, చికిత్సకు ముందు రోగి తరఫువాళ్లతో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టిస్తే సిబ్బంది బాధ్యత తీరిపోతుందన్నట్టు ఒకరు రాశారు. అంత తేలిక కాదండీ. 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. లాపరోస్కోపీ (పొట్టలోకి సన్నటి గొట్టంతో కెమెరా పంపి చూసే) పరీక్షకే ఒప్పుకున్న మహిళ మత్తులో ఉండగా, బయటున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. డాక్టరు మంచి ఉద్దేశంతోనే చేశారని అంటూనే, రోగి మేజర్, అప్పటికప్పుడు ప్రాణాపాయం లేదు, కాబట్టి తల్లి అనుమతి చెల్లదని కోర్టు తేల్చింది. మన దగ్గరేమో ఇప్పటికీ భర్తనో కొడుకునో పిలుస్తారు. పెద్దావిడ పక్క మంచం మీదే పూర్తి స్పృహలో ఉంటుంది, ఆమెను అడిగేవాళ్లే ఉండరు! నర్సింగ్ విద్యార్థులకు సెక్షన్ నంబర్ల కంటే ముందు ఇది నేర్పాలి.