ఎముకల వైద్యశాలలను బేగంబజారుకు తరలించాలి

ఎముకలు గుల్లబారే ఆస్టియోపోరోసిస్‌కు మందులు అక్కరలేదని మన హైదరాబాదు ఏనాడో తేల్చేసింది. ఆ సంగతి ఇంకా అందనిది వైద్య కళాశాలలకు మాత్రమే. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాను కాగితంలో టీ-స్కోరనే అంకె మైనస్ 2.5 కంటే కిందికి దిగిందన్న, అంటే జబ్బు ఖాయమైందన్న కబురు తెలిసిన సాయంత్రానికే ఆ ఇంటికి గింజలు, పొడులు, లేహ్యాలు వరసకట్టి వచ్చేస్తుంటే, డాక్టరుగారు రాసిచ్చిన చీటీ ఫ్రిజ్ తలుపుకు అంటుకుని వెలిసిపోవడంలో వింతేమీ లేదు. కాబట్టి నగరంలోని ఎముకల వైద్య విభాగాలన్నింటినీ బేగంబజారుకు తరలించి, అక్కడి కిరాణా వర్తకులకు ప్రొఫెసర్ హోదా కల్పించాలని ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను.

ఈ కోరిక ఊరికే పుట్టలేదు. మా అపార్టుమెంటులో మూడో అంతస్తు పెద్దావిడ ఈ జబ్బుకు వారానికొకసారి వేసుకోవలసిన అలెండ్రోనేట్ మాత్ర పెట్టెలోంచి మడతలు పెట్టిన కాగితాన్ని బయటికి లాగి, భూతద్దం పట్టుకుని, అందులోని దుష్ఫలితాలన్నింటినీ నిత్యపారాయణంలా చదివారు. "దవడ ఎముక చచ్చుబడిపోతుందట వదినగారూ, వాళ్లే రాసుకున్నారు చూడండి" అని పక్క ఫ్లాటావిడకు చూపించారు. "అయితే మీరేం వాడుతున్నారండీ?" అని ఆవిడ అడిగితే, పాత హార్లిక్స్ సీసాలో ఉన్న బూడిదరంగు పొడిని గర్వంగా తీశారు. దాని మీద పేరు లేదు, మోతాదు లేదు, తయారైన తేదీ లేదు. అందులో ఏముందంటే "అన్నీ ఉన్నాయి" అన్నారు. దుష్ఫలితాల కాగితమే లేని వస్తువుకు దుష్ఫలితాలు ఉండవన్నది ఆవిడ సిద్ధాంతం. మాత్ర వల్ల దవడ దెబ్బతినడం వేలల్లో ఒకరికి జరిగితే జరగవచ్చు, వెన్నుపూస కుంగిపోవడం మాత్రం ఆవిడ వయసువారిలో నిత్యం చూస్తున్నదే. కానీ వెన్నుపూస కాగితం అచ్చువేయించి పెట్టెలో పెట్టదు కదా.

తిండి విషయంలో మన వాళ్లు మరీ తప్పేమీ కాదని ఒప్పుకోవాలి. రాగులు, నువ్వులు, మునగాకు నిజంగానే కాల్షియం గనులు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చిక్కల్లా గ్లాసు దగ్గర వస్తుంది. ఉదయపు నడక ముగించి, కేబీఆర్ పార్కు బయట బండి దగ్గర నిలబడి తాగే గ్లాసుడు జావలో పిండి మహా అయితే 25 గ్రాములు, అంటే కాల్షియం 90 మిల్లీగ్రాముల లోపే. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని అదే సంస్థ చెబుతోంది కనుక, జావ ఒక్కదాన్నే నమ్ముకున్నవారు రోజుకు పద్నాలుగు గ్లాసులు తాగవలసి ఉంటుంది. అప్పుడిక నడకకు సమయం దొరకదు. పాలకూరలో ఉన్న కాల్షియాన్ని ఆ కూరలోనే ఉండే ఆక్సలేట్లు ఒంటికి పట్టనివ్వవు. రాత్రంతా ఉడికించిన పాయా రుచికి నేను దాసోహమన్నవాణ్ణే అయినా, అందులో కాల్షియం మాత్రం చాలావరకు మేక ఎముకలోనే ఉండిపోతుంది, పులుసులోకి దిగేది స్వల్పం. ఇక నల్లేరు పచ్చడి తింటే విరిగిన తుంటి నల్లేరు మీద బండి నడకలా అతుక్కుంటుందని చెప్పేవారికి నేను ఎదురు చెప్పను, పచ్చడి బాగుంటుంది కనుక.

అసలు లెక్క వేరే చోట తప్పుతోంది. ఎముకలో పాత భాగాన్ని తొలిచే కణాలు, కొత్త భాగాన్ని పూడ్చే కణాలు జీవితాంతం పక్కపక్కనే పనిచేస్తుంటాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గడంతో తొలిచేవాటి చేతివాటం పెరిగిపోతుంది, పూడ్చేవి వెనకబడతాయి. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లం వంటి మందులు తొలిచే కణాలను నిలువరిస్తాయి. కాల్షియం ఆ పని చేయలేదు. చెరువు శిఖంలో కట్టిన ఇంటి ముందు బుల్‌డోజరు వచ్చి నిలబడ్డాక, మరో రెండు లారీల సిమెంటు దింపించి నిశ్చింతగా పడుకునే యజమానిని మన నగరంలో ఎవరూ తెలివైనవాడని అనరు. ఎముకల విషయానికి వచ్చేసరికి అదే యజమానిని కాలనీ పెద్దగా ఎన్నుకుంటున్నాం.

ఈ సిమెంటు సిద్ధాంతాన్ని అమెరికావారు ఖర్చుపెట్టి మరీ పరీక్షించారు. ముట్లుడిగిన 36 వేల మందికి పైగా స్త్రీలలో సగంమందికి రోజూ 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 400 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి, ఏడేళ్ల తరువాత 2006లో లెక్క తీస్తే, తుంటి విరగడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, కిడ్నీలో రాళ్లు మాత్రం 17 శాతం పెరిగాయి. అంతకు పదేళ్ల ముందే, అప్పటికే వెన్నుపూస విరిగిన 2027 మంది స్త్రీలలో అలెండ్రోనేట్ కొత్త వెన్ను విరుగుళ్లను సుమారు సగానికి తగ్గించింది. అయితే ఆ స్త్రీలెవరూ మా మూడో అంతస్తు పెద్దావిడకు తోడికోడలి చెల్లెళ్లు కారు గనుక, వారి సాక్ష్యం చెల్లదు.

విటమిన్ డి కోసం మన నగరం పడే తపన మరో ముచ్చట. సూర్యుడు చెట్ల మీదికి రాకముందే, నిండుచేతుల స్వెట్టరు, మంకీ క్యాపు ధరించి డి విటమిన్ కోసం నడిచేవారిని ఏ పార్కులోనైనా చూడవచ్చు. ఆ విటమిన్‌ను చర్మంలో తయారుచేయించే కిరణాలు ఎండ నడినెత్తికి చేరువయ్యే వేళకు గాని తగినంతగా నేలకు దిగవు, అప్పటికి వీరంతా ఏసీ గదుల్లో ఉంటారు. రక్తపరీక్షలో లోటు బయటపడగానే, వారానికొకటి చొప్పున రాసిన 60 వేల యూనిట్ల పొట్లాన్ని రోజుకొకటి చొప్పున సేవించి, రక్తంలో కాల్షియం పెరిగి వాంతులతో ఆసుపత్రిలో చేరే ఉత్సాహవంతులూ ఉన్నారు. లోటు ఉన్నవారికి డి విటమిన్, కాల్షియం ఇవ్వవలసిందే, డాక్టర్లు మందుతో కలిపి రాసేదీ వాటినే. మనం ఆ చీటీలో పై వరసను కొట్టేసి, కింది వరసను మాత్రం భక్తితో పాటిస్తున్నాం.

స్కాను అంకె పెరిగితే చాలునని వాదించేవారికి నల్లగొండ చాలా దగ్గర. ఎముకను దట్టం చేసే సహజ ఖనిజం కావాలంటే ఫ్లోరైడును మించినది లేదు. మర్రిగూడ వైపు పల్లెల్లో తరతరాలుగా బోరునీళ్లలో అది పైసా ఖర్చు లేకుండా సరఫరా అయింది. అక్కడివారి ఎముకలు ఎక్స్‌రేలో దట్టంగానే కనిపించాయి. వంగిన నడుము తిరిగి లేవలేదు, కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. విదేశాల్లో ఇదే ఫ్లోరైడును ఆస్టియోపోరోసిస్‌కు మందుగా నాలుగేళ్లు వాడి చూసిన పరీక్ష ఫలితం 1990లో వెలువడింది. వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు ఇంకా ఎక్కువగా విరిగాయి. సహజం కాబట్టి మంచిదేనని ఉపన్యసించేవారు ఆ సభను ఒకసారి మర్రిగూడలో పెట్టుకుంటే బాగుంటుంది, జనం తప్పక వస్తారు.

అన్నిటికంటే సాహసవంతులు ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షనును మధ్యలో మానేసి పొడికి మారేవారు. ఆ మందు ఆగితే, అంతవరకు అణగి ఉన్న తొలిచే కణాలు ఒక్కసారిగా విజృంభించి, ఏడాది తిరిగేలోగా రెండు మూడు వెన్నుపూసలు వరసగా కుంగిపోయే ప్రమాదం ఉంది. దాన్ని ఆపాలంటే వెంటనే మరో మందు అందుకోవాలి, ఆ మరో మందు నువ్వులుండ కాదు. తుంటి విరిగాక పుత్తూరు కట్టు ఉందిలే అన్న ధీమా కూడా పనికిరాదు, విరిగిన తుంటికి సాధారణంగా ఆపరేషనే గతి.

బేగంబజారు తరలింపునకు ప్రభుత్వం ఒప్పుకోని పక్షంలో నా వద్ద మరో ప్రతిపాదన ఉంది. పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో అలెండ్రోనేట్ వేసుకున్నాక, మాత్ర అన్నవాహికను గాయపరచకుండా అరగంటసేపు ఏమీ తినకుండా నిటారుగా కూర్చోవాలి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఎముకల బలానికి వచ్చిన చిట్కాలన్నింటినీ ఆ అరగంటలో చదువుకోవచ్చు. నిద్ర రానివ్వవు, నడుము వాల్చనివ్వవు.