కుంజరః మాత్రం చిన్న ఫాంట్‌లో

రెజ్యూమె కూడా ఒక సాహిత్య ప్రక్రియే అని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను, ఎవరూ పట్టించుకోరు. ఇందులో ప్రధానమైన అలంకారం మౌనం. మధ్యలో ఆపేసిన డిగ్రీ విషయంలో అబద్ధం ఆడాల్సిన అవసరమే రాదు. కోర్సు పేరు, కాలేజీ పేరు రాసి పక్కన 2012–2015 అని పెడితే చాలు. పాసయ్యామని మనం ఎక్కడైనా అన్నామా? చదివేవాళ్లే అనుకున్నారు, అది వాళ్ల సంస్కారం. ధర్మరాజు చేసిందీ ఇంతే కదా, అశ్వత్థామ హతః అని గట్టిగా చెప్పి, కుంజరః అన్న మాటని ఆరో సైజు ఫాంట్‌లో పెట్టాడు.

నా కళాఖండం వేరే ఉంది. నా పీజీకి రెండు పేపర్లు, ఒక ప్రాజెక్టు రిపోర్టు మిగిలాయి. 2009లో మిగిలాయి. ఆ ఏడాది రెజ్యూమెలో ‘ఎక్స్‌పెక్టెడ్ 2010’ అని రాసుకున్నాను, అప్పటికి అది నిజమే. ఆ తర్వాత ఫోన్ నంబరు మార్చడానికో, కొత్త ఉద్యోగం చేర్చడానికో ఫైలు తెరిచిన ప్రతిసారీ, పనిలో పనిగా ఆ సంవత్సరాన్ని కూడా ఒక అడుగు ముందుకు జరుపుతూ వచ్చాను. అలా తొమ్మిదేళ్లు. నిజానికి అప్పటికి ఎక్స్‌పెక్ట్ చేస్తున్నవాళ్లు ఎవరూ లేరు, మా అమ్మ కూడా మానేసింది.

ఈ కళలో మహామహులున్నారు, వాళ్ల ముందు నేనెంత. జార్జ్ ఓ'లియరీ 2001లో నోటర్ డేమ్ యూనివర్సిటీకి ఫుట్‌బాల్ కోచ్‌గా ఎంపికై, అయిదు రోజులకే రాజీనామా చేశాడు. ఆయన మాస్టర్స్ చేశానని రాసుకున్న యూనివర్సిటీ అసలు భూమ్మీదే లేదు, రెండు వేర్వేరు సంస్థల పేర్లకి హైఫన్‌తో ముడిపెట్టాడంతే. స్కాట్ థాంప్సన్‌ది ఇంకో రకం. ఆయనకి నిజంగానే అకౌంటింగ్ డిగ్రీ ఉంది, పక్కన కంప్యూటర్ సైన్స్ కూడా వచ్చి కూర్చుంది. ఆయన చదివిన 1979 నాటికి ఆ కాలేజీలో ఆ డిగ్రీయే లేదని 2012లో తేలింది, యాహూ సీఈఓ పదవి నాలుగు నెలల్లో ముగిసింది. కానీ నేను చేతులెత్తి మొక్కేది మాత్రం మారిలీ జోన్స్‌కి. 28 ఏళ్లు ఎంఐటీలో పనిచేసి, అడ్మిషన్స్ డీన్ అయ్యి, ఎవరికి సీటివ్వాలో ఎవరికి వద్దో తేల్చే కుర్చీలో కూర్చున్న మనిషి, తన అప్లికేషన్‌లో లేని డిగ్రీలు రాసుకున్నందుకు 2007లో దిగిపోవాల్సి వచ్చింది. అన్నేళ్లలో ఎన్ని వేల అప్లికేషన్లు చూసి ఉంటుందో, తనదొక్కటి తప్ప.

సర్టిఫికేషన్ల వాళ్లకైతే బొత్తిగా రసహృదయం లేదు. పెట్టుబడుల రంగంలో ఇచ్చే సీఎఫ్ఏనే తీసుకోండి. మూడు లెవెల్స్‌లో ఒకటి గట్టెక్కితే ‘లెవెల్ వన్ పాసయ్యాను’ అని చెప్పుకోనిస్తారట గానీ, పేరు పక్కన ‘సీఎఫ్ఏ లెవెల్ వన్’ అని తగిలించుకోనివ్వరు. మూడో వంతు పూర్తయితే మూడో వంతు బిరుదు ఇవ్వొద్దా? పోనీ ‘క్యాండిడేట్’ అందామంటే, పరీక్షకి రిజిస్టరై ఉండాలి, లేదా రాసి ఫలితం కోసం చూస్తూ ఉండాలి. రాద్దామన్న ఉద్దేశం ఉంటే చాలదు. ప్రాజెక్టు మేనేజర్లకిచ్చే పీఎంపీ సర్టిఫికేషన్ వాళ్లయితే పాసైనవాళ్లని కూడా వదలరు, మూడేళ్లకోసారి రెన్యూ చేసుకోవాల్సిందే.

కొందరు మోటు మనుషులుంటారు. ‘120 క్రెడిట్లలో 84 పూర్తి చేశాను, డిగ్రీ తీసుకోలేదు’ అని ఒక్క లైన్లో రాసేసి, కింద అనుభవం గురించి మొదలుపెడతారు. సస్పెన్స్ లేదు, మలుపు లేదు. వెరిఫికేషన్ వాళ్లు యూనివర్సిటీకి ఫోన్ చేసినా వీళ్లకి టెన్షన్ ఉండదు. ఇలాగైతే ఈ ప్రక్రియ ఏం కావాలి?

చివరికి నన్నూ చెడగొట్టారు. ఒక ఇంటర్వ్యూలో ఒకావిడ ‘ఎక్స్‌పెక్టెడ్’ కింద పెన్సిల్‌తో గీత గీసి, “ఇది పూర్తయిందా అండీ?” అంది. తొమ్మిదేళ్లుగా దాచుకున్న సమాధానం, “లేదండీ” అన్నాను. ఆవిడ పక్కన చిన్నగా ‘నో’ అని రాసుకుని, నా పాత ప్రాజెక్టు గురించి అడగడం మొదలుపెట్టింది. అంతే! కనీసం ఒక నిట్టూర్పయినా విడవలేదు. ఆ ఉద్యోగానికి పీజీ అక్కర్లేదట, ప్రకటనలోనే రాసుందట, నేనే చదవలేదు.

ఇంటికొచ్చి ఆ లైను మార్చాను. ‘పీజీ అసంపూర్తి, రెండు పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టు మిగిలాయి.’ మామూలు సైజు ఫాంటే. ప్రింటు తీసి టేబుల్ మీద పెడితే మా అమ్మ చూసింది. రెండే కదా, రాసేయకూడదూ అంటూ మళ్లీ ఎక్స్‌పెక్ట్ చేయడం మొదలుపెట్టింది.