ఆ పచ్చిక మీదకి బండి ఎక్కించకండి!

జులైలో ఆర్వీ (ఇల్లులా ఉండే ప్రయాణపు బండి) వేసుకుని అమెరికాలో కొలరాడోలోని సిల్వర్టన్‌కి వచ్చాం. నిన్న అద్దె జీపులో సినమన్ పాస్ అనే కొండదారి ఎక్కుతుంటే కడుపు మండిపోయింది. 12,640 అడుగుల ఎత్తు. అక్కడ చెట్టనేది మొలవదు, నేలను అంటిపెట్టుకున్న చిన్నచిన్న పూలమొక్కలే.

దారిలో ఓ బురదగుంట. దాన్ని తప్పించుకోవడానికి మా ముందున్న బండివాడు చక్రాలు పచ్చిక మీదకి ఎక్కించాడు. వెనకే మరో మూడు బండ్లు, అదే జాడలో! దిగి చూస్తే ఊదారంగు పూలు వేళ్లతో సహా లేచొచ్చి బురదలో నలిగిపోయి ఉన్నాయి. ఏడాదిలో రెండు మూడు నెలలే ఎదుగుదల ఉండే నేలండీ అది! ఆ గాడి పూడాలంటే దశాబ్దాలు పడుతుంది.

బురదైతే ఏమైంది? ఆ బండ్లు బురదలో నడవడానికి చేసినవే కదా! నిదానంగా మధ్యలోంచి పోనివ్వండి. మా పెద్దాడు "నాన్నా, వీళ్లని ఎవరూ అడగరా?" అన్నాడు. ఏం చెప్పను వాడికి?