ఓవర్‌సైజు పిస్టన్ గారికి ఒక అరిగిపోయిన కొడుకు రాయు ఉత్తరం

మహారాజశ్రీ 1.00 ఓవర్‌సైజు పిస్టన్ గారి దివ్య సముఖమునకు, ఉభయకుశలోపరి.

అంటే కుశలం మీ వైపే లెండి. మీరు అట్టపెట్టెలో నూనె రాసిన కాగితం కప్పుకుని హాయిగా పడుకున్నారు, నేనిక్కడ గోళ్ళల్లో నలుపు పోక పెళ్ళి భోజనాలకి వెళ్తే చెయ్యి జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. మీ కంటే ముందు మా ఇంటికొచ్చిన మీ అన్నయ్యల్లో (పేరులో అంకె అంటే అసలు పిస్టన్ కంటే అన్ని మిల్లీమీటర్లు లావని) 0.50 గారు మూడు రోజులున్నారు, 0.75 గారు ఎనిమిది నెలలున్నారు. మీరే ఆఖరివాళ్ళు, మీ తర్వాత సైజు లేదు. అందుకే డబ్బా విప్పే ముందు నాలుగు మాటలు చెప్పుకుందామని రాస్తున్నా.

ముందు బండి సంగతి. యమహా ఆర్‌ఎక్స్ 100. నాన్న 1994లో కొన్నాడు, ఏపీ 27 నంబరు, నల్ల రంగు, అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్ళి నన్ను ఇంటికి తెచ్చిన బండి. ఈ మోడల్ మన దేశంలో 1985లో మొదలై 1996లో ఆగిపోయింది, అయినా ఇవాళ్టికీ ఎక్కడ స్టార్ట్ చేసినా పక్క వీధిలో ఒక యాభై ఏళ్ళాయన "ఆ సౌండే వేరు" అనకుండా ఉండడు. 11 హార్స్ పవర్, పట్టుమని వంద కేజీల బండి, ఇంకేం కావాలి. కానీ దాని పేరులో ఒక చిన్న తిరకాసు ఉంది, అది మీకూ తెలుసు. బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 50 మిల్లీమీటర్లు, లెక్క వేస్తే 98.2 సీసీ. పేరేమో 100. పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం చెప్పినట్టు, దగ్గర్లో ఉన్న గుండ్రటి అంకె చెప్పేశారన్నమాట.

మా నాన్న టైంలో స్టాండర్డ్ పిస్టన్ అరిగితే మెకానిక్ చేత 0.25 వేయించాడు, ఇంకో ఆరేళ్ళు తిప్పాడు, పొగ ఎక్కువైందని గొడ్ల చావిట్లో పెట్టి గోనెసంచి కప్పాడు. అక్కడితో కథ అయిపోవాల్సింది. నేను హైదరాబాద్ నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊరికి రాకపోయి ఉంటే, వచ్చినా రాత్రిపూట ఫోన్లో ఎవరెవరో ఇంజన్లు విప్పే వీడియోలు చూడకపోయి ఉంటే, ఇవాళ మీకూ నాకూ పరిచయమే ఉండేది కాదు. ఆ వీడియోల్లో పన్నెండు నిమిషాల్లో ఇంజన్ విప్పి బిగించేస్తారండీ, మధ్యలో ఒక్క బోల్టు కూడా తుప్పు పట్టి ఉండదు. నాకు హెడ్డు నట్లు నాలుగు తియ్యడానికే రెండు రోజులు పట్టింది, అందులో ఒక స్టడ్డు సగానికి విరిగింది.

నాన్నతో "నాన్నా బోరు చేయించాలి, ఓ ఐదారు వేలు అవుతుంది" అన్నా. ఆయన ముఖంలో ఆ వెలుగు నేను ఇంజనీరింగ్ పాసైనప్పుడు కూడా చూళ్ళేదు. మాది మార్కాపురం వైపు, ఇక్కడ బోరు అంటే వందల అడుగులు దింపితే దుమ్ము వచ్చేది, ఇప్పటికి పొలంలో మూడు వేసి మూడూ పూడ్చాడు. కొడుకు ఇన్నాళ్ళకి పొలం గురించి ఆలోచిస్తున్నాడనుకున్నాడు. బోరు బండికి అని తెలిశాక ఒక్కటే మాట అన్నాడు, "ఒరేయ్, నా బోర్లు లోతుకి పోయినాయి, నీది వెడల్పుకి పోతంది, నీళ్ళు మాత్రం రెంట్లోనూ పడవు."

లేత్ షాపు మేస్త్రి బ్లాకు, అంటే ఆ పిస్టన్ ఆడే గొట్టం, తీసుకుని లోపల గేజి పెట్టి పైన, మధ్యలో, కింద కొలిచాడు, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి. "గుండ్రం పోయిందబ్బాయ్, కోడిగుడ్డు అయింది" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైన విషయం, మీరంటే ఏమిటో. నేనేమో పెద్ద పిస్టన్ అంటే పెద్ద పవర్ అనుకుని ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నా. గోడ అరిగి వంకర పోతే, ఆ వంకర పోయేదాకా చెక్కి, చెక్కినంత మేరా సందు పూడ్చడానికి వచ్చే లావుపాటి మనిషే మీరు. బలిసి వచ్చిన లావు కాదది. చిరిగిన చొక్కాకి వేసే మాసిక పోయినసారి కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది కదా, ఆ లావు. అదే మాట ఊళ్ళో చెప్తే ఎవరూ వినలేదు. "ఏంటి, ఓవర్‌సైజ్ వేశావంట" అని టీ కొట్టు దగ్గర వీపు తడుతుంటే నేను కూడా వద్దనలేదనుకోండి.

ఒక్క తృప్తి మాత్రం దక్కింది. 0.50 వేసిన రాత్రి కాలిక్యులేటర్ తీసి లెక్క వేస్తే 100.15 సీసీ వచ్చింది. ముప్పై ఏళ్ళకి ఆ బండి తన పేరు నిలబెట్టుకుంది! ఆర్‌సీలో 98, ట్యాంకు పక్కన 100, లోపల కూడా 100. నాన్నని నిద్ర లేపి చెప్పా. "పడుకోరా" అన్నాడు.

ఆ 0.50 గారిని బిగించిన ఆదివారం గురించి మీకు చెప్పాలి, ఎందుకంటే మీ గతి కూడా అదే. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే గజన్ పిన్ను పిస్టన్ బొక్కలోకి దూరలేదు. సుత్తితో కొట్టొద్దు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, పిస్టన్‌ని వేడి చెయ్యి పిన్నుని చల్లబెట్టు అన్నాడు మేస్త్రి ఫోన్లో. పిన్ను ఫ్రీజర్‌లో పెట్టా. పిస్టన్ ఎక్కడ వేడి చెయ్యాలి, ఇడ్లీ పాత్రలో పెట్టి పది నిమిషాలు ఆవిరి పట్టించా, గుడ్డతో పట్టుకుని బయటికి తీస్తే పిన్ను వేలితో నెడితే వెళ్ళిపోయింది, వెన్నలోకి దిగినట్టు. గెలిచాననుకుని వెనక్కి తిరిగితే అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆ పాత్ర మళ్ళీ పొయ్యి ఎక్కలేదు. కొత్తది నేనే కొన్నా, అది కూడా మీ బిల్లులోనే రాయండి.

సరే, పిన్ను వెళ్ళింది, ఇక అది జారిపోకుండా దాని రెండు పక్కలా సర్క్‌లిప్పులు. వేలి గోరంత తీగ ముక్క, ముక్కు పట్టకారుతో నొక్కి గాడిలో కూర్చోబెట్టాలి. ఒకటి కూర్చుంది. రెండోది "టింగ్" మంది, అంతే, కనపళ్ళేదు. ఆ టింగ్ నాకు ఇప్పటికీ రాత్రిళ్ళు వినపడుతుంది. కింద క్రాంక్ కేసు, అంటే ఇంజన్ పొట్ట, నోరు తెరుచుకుని ఉంది. గుడ్డ కుక్కాలి అని ప్రతి వీడియోలోనూ చెప్పారు, ఆ గుడ్డతోనే ఇడ్లీ పాత్రలోంచి పిస్టన్ తీశా కాబట్టి అది వంటింట్లో ఉండిపోయింది. ఇక చూస్కోండి. వరండా అంతా ఫోన్ టార్చి వేసుకుని మోకాళ్ళ మీద పాకా, స్పీకర్‌లోంచి పీకిన అయస్కాంతం దారానికి కట్టి కేసులోకి దింపా, ఏం రాలేదు, చివరికి ఇంజన్ ఫ్రేములోంచి దింపి నేనూ మా బావా చెరో పక్క పట్టుకుని తలకిందులు చేసి కల్లంలో చాట ఊపినట్టు ఊపాం. పాత నల్ల నూనె వచ్చింది, ఒక వేరుశెనక్కాయ పొట్టు వచ్చింది (అది లోపలికి ఎలా పోయిందో ఇప్పటికీ నాకు అంతు పట్టలేదు), క్లిప్పు రాలేదు. మూడో రోజు పొద్దున అమ్మ వరండాలో బియ్యం చాటలో పోసుకుని రాళ్ళు ఏరుతూ "ఇదేంట్రా, ముక్కుపుడక తీగలా ఉంది" అంది.

ఆ రోజు నేను అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టా. ఆమె కారణం అడిగింది, చెప్పలేదు, ఎందుకంటే అప్పటికే కొత్త జత తెప్పించి బిగించేశా. వాడిన క్లిప్పు మళ్ళీ వెయ్యకూడదు కదా.

బాణం గుర్తు సైలెన్సర్ వైపే పెట్టా, రింగుల చివర్లు గాడిలో ఉన్న చిన్న మేకుకి అటూ ఇటూ సరిగ్గా కూర్చున్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నా, ఆయిల్ పంపులో గాలి బుడగలు పోయేదాకా స్క్రూ వదులు చేసి కూర్చున్నా. ఇన్ని చేసి మూడో రోజు ఏం చేశానో తెలుసా. మేస్త్రి చెప్పాడు, కొత్త బోరు, పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు, అయిదొందల కిలోమీటర్లు మెల్లగా తిప్పు, పొద్దున్నే స్టార్ట్ చేసి రెండు నిమిషాలు వేడెక్కనివ్వు అని. ఒంగోలు రోడ్డెక్కా. నలభైలో పోతున్నా. పక్కనుంచి ఒక పెద్దాయన ఎలక్ట్రిక్ స్కూటర్ మీద, ముందు మునక్కాయల కట్ట పెట్టుకుని, చప్పుడు లేకుండా దాటిపోయాడు. దాటితే దాటాడు, అద్దంలో నన్ను చూసి హారన్ కొట్టాడు.

నేను మనిషిని కదండీ.

డెబ్బై దగ్గర ఇంజన్ సన్నగా ఏడ్చినట్టు ఒక శబ్దం చేసి పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయి జారింది, క్లచ్ నొక్కా కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. మేస్త్రి పిస్టన్ తీసి చేతిలో తిప్పుతూ జాతకం చెప్పినట్టు చెప్పాడు: "నాలుగు మూలలా గీతలు. పిస్టన్ ఉబ్బింది, బ్లాకు ఇంకా వేడెక్కలా. పొద్దున్నే తొక్కినావా లేదా?" తొక్కలేదని చెప్దామనుకున్నా గానీ ఆ గీతలు ఆయన చేతిలో ఉన్నాయి.

0.75 గారి కథ పొట్టిది, నేరం కూడా మా బావది. "ఎయిర్ ఫిల్టర్ పీకెయ్ బావా, సౌండ్ చూడు" అన్నాడు. పీకా. సౌండు బాగానే ఉంది. కానీ మాది పలకల ఊరు, మార్కాపురం పలక పట్టుకోకుండా అక్షరాలు దిద్దినవాళ్ళు మా అమ్మానాన్నల తరంలో తక్కువ, ఆ రాయి కోసే యూనిట్ల పక్కనుంచే రోజూ నా రూటు. ఎనిమిది నెలలు ఆ దుమ్మంతా కార్బురేటర్ ద్వారా తాగించా. బ్లాకు ఊడదీసి లోపలికి చూస్తే అచ్చం పలక మీద బలపంతో గీసినట్టు పైనుంచి కిందిదాకా గీతలు. మేస్త్రి ఈసారి తిట్టలేదు, అదే భయం వేసింది. "1.00 వేద్దాం. ఇది ఆఖరు. తర్వాత స్లీవే" అన్నాడు, అంటే బ్లాకు లోపల కొత్త గొట్టం దిగ్గొట్టడమే.

అలా మీరు వచ్చారు. మా బావ మాత్రం ఇంకా ఊరుకోలేదు, "ఇవన్నీ ఎందుకు, 135 బ్లాకు వేసెయ్, స్ట్రోకు అదే 50, పిస్టన్ 58, ఏకంగా 132 సీసీ" అంటాడు. ఓవర్‌సైజు వేస్తే రిపేరు, 135 బ్లాకు వేస్తే బండి మార్చినట్టే, ఆర్‌సీలో రాసింది ఒకటి లోపలున్నది ఒకటి అయితే మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఊరుకోదు బావా అంటే "నీ బ్లాకు లోపల స్కేలు పెట్టి ఎవడు కొలుస్తాడు" అంటాడు. ఎయిర్ ఫిల్టర్ సలహా ఇచ్చింది కూడా ఈయనే కదా, అందుకే ఈసారి సలహాలకి మా గడపలోనే ఫిల్టర్ పెట్టా.

ఇక లెక్కలు చూద్దాం. మీరు కూర్చున్నాక 102.1 సీసీ అవుతుంది. స్టాండర్డ్ నుంచి మీ దాకా, నాన్న వేయించిన ఒక బోరు, నేను వేయించే మూడు బోర్లు, విరిగిన స్టడ్డు, ఇడ్లీ పాత్ర, ఒంగోలు రోడ్డు మీద చీరుకుపోయిన ప్యాంటు, ఇవన్నీ కలిపి మాకు పెరిగింది 4 సీసీ. అంటే 4 మిల్లీలీటర్లు. దగ్గుమందు చెంచాలో పోస్తే చెంచా నిండదు. మా నాన్నకి చూపించా, చెంచాలో నీళ్ళు పోసి మరీ. "నయమే, నీ బోర్లో నీళ్ళు పడ్డాయి" అన్నాడు.

మంగళవారం బ్లాకు వస్తుంది. ఈసారి మేస్త్రి పోర్టుల (బ్లాకు గోడలో గాలీ పొగా పోయే కిటికీల) అంచులు కూడా మెత్తగా రాసి ఇస్తానన్నాడు, లేకపోతే రింగు ఆ కిటికీ అంచుకి తగులుకుని విరుగుద్దంట, పోయిన రెండుసార్లు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎయిర్ ఫిల్టర్ కొత్తది తెచ్చా. గుడ్డలు రెండు పక్కన పెట్టా, ఒకటి కుక్కడానికి, ఒకటి పట్టుకోడానికి. వేణ్ణీళ్ళకి నా సొంత సత్తు గిన్నె కొనుక్కున్నా.

మీకు ఒక్క విషయం ముందే చెప్పాలి, చూసి కంగారు పడతారని. దేవుడి గూట్లో ఇద్దరు మీ అన్నయ్యలు ఉన్నారు. బోర్లా పెడితే పిన్ను బొక్కలో అగరబత్తి బాగా నిలబడుతుందని అమ్మ కనిపెట్టింది, కుడివైపు 0.50, ఎడమవైపు 0.75. నిన్న సాయంత్రం దీపం పెడుతూ మధ్యలో ఖాళీగా ఉందేంట్రా అని అడిగింది. మీ డబ్బా తీసుకెళ్ళి నా మంచం కింద పెట్టుకున్నా.

ఇట్లు,
మీ కోసం మంగళవారం దాకా ఎదురుచూస్తూ,
98.2 సీసీ ఆర్‌సీ గల ఒక బాధితుడు