బొమ్మ కింద పేరు

ఫ్లెక్సీలు రాకముందు మన ఊళ్లలో ఏ దుకాణం బోర్డు చూసినా కింది మూలన చిన్న అక్షరాలతో 'ఫలానా ఆర్ట్స్' అని ఉండేది. కిరాణా కొట్టు పేరు, ఎరువుల ప్రకటన, ఎన్నికల గోడరాత, సినిమా హాలు ముందు నిలువెత్తు కటౌట్... అన్నిటి వెనకా ఒక చెయ్యి ఉండేది, ఆ చేతికి ఒక పేరు ఉండేది. ఫ్లెక్సీ యంత్రాలు వచ్చాక ఆ చేతుల్లో చాలావరకు కుంచె పక్కన పెట్టాయి. కొందరు కంప్యూటర్ నేర్చుకుని డీటీపీ సెంటర్లలో, డిజైనింగ్ షాపుల్లో కుదురుకున్నారు. ఇప్పుడు వారి కాళ్ల కిందికీ నీళ్లు వస్తున్నాయి.

2022లో కొన్ని నెలల తేడాతో డాల్-ఇ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ అనే సాధనాలు జనంలోకి వచ్చాయి. కావలసిన బొమ్మను మాటల్లో చెబితే కృత్రిమ మేధ (ఏఐ) గీసి ఇస్తుంది. మొదట్లో చేతికి ఆరు వేళ్లు వేసేది, తెలుగు అక్షరాలు అడిగితే అర్థంలేని గీతలు గీసేది. ఆ లోపాలు త్వరత్వరగా తగ్గిపోతున్నాయి. 2025 మార్చిలో కుటుంబ ఫొటోలను జపాన్‌లోని స్టూడియో జీబ్లీ యానిమేషన్ బొమ్మల్లా మార్చుకోవడం ప్రపంచమంతా జ్వరంలా పాకింది. తెలుగు ఇళ్లలోనూ ఆ సరదా తీర్చుకోనివారు తక్కువ. శుభలేఖ, కోచింగ్ సెంటర్ కరపత్రం, జాతర ఆహ్వానం, పుస్తకం అట్ట, ఏది కావాలన్నా ఫోనులోనే తయారవుతోంది.

దీన్ని ఆపమని మేము అడగడం లేదు. డిజైనర్‌కు డబ్బు ఇచ్చుకోలేని చిన్న వ్యాపారికి, బోర్డు మీద గుండె బొమ్మ వేయడం రాని ఉపాధ్యాయురాలికి ఇది నిజంగా అక్కరకొచ్చే పనిముట్టు. డిజైనర్లు కూడా తొలి ఊహలు వేసి చూసుకోవడానికి దీన్ని వాడుతున్నారు. కాని ఆ పనిముట్టు ఎవరి చెమటతో తయారైందన్న ప్రశ్నను సౌకర్యం చాటున దాచేయడం అన్యాయం.

తొలితరం సాధనాల్లో స్టేబుల్ డిఫ్యూజన్ వంటివాటికి పాఠం చెప్పింది లయాన్-5బి అనే భారీ సంకలనం. అందులో 585 కోట్ల జతలున్నాయి. ఒక్కో జతలో ఇంటర్నెట్‌లోని ఒక బొమ్మకు దారి, ఆ బొమ్మను వర్ణించే కొన్ని మాటలు. చిత్రకారులు తమ పని నలుగురికీ చూపించుకోవడానికి పెట్టుకున్న పెయింటింగులు, ఫొటోగ్రాఫర్ల చిత్రాలు, విద్యార్థుల స్కెచ్‌లు అన్నీ అందులో ఉన్నాయి. యంత్రం ఒక్కో బొమ్మను చుక్కల గందరగోళంగా చెరిపి, అందులోంచి మళ్లీ బొమ్మను రాబట్టడం అసంఖ్యాకంగా సాధన చేస్తుంది. చివరికి మాట వినిపిస్తే చాలు, కొత్త బొమ్మ తేల్చగలుగుతుంది. నేర్పు గొప్పదే. గురువులను మాత్రం ఎవరూ అడగలేదు, గురుదక్షిణ ఎవరూ ఇవ్వలేదు. పోలండ్ చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ పేరు చెప్పి ఆయన శైలిలో బొమ్మలు చేయించుకున్నవారు లెక్కకు మిక్కిలి. తన పేరుతో వెతికితే తాను గీయని బొమ్మలే కనిపించే రోజు వస్తుందని ఆయన 2022లోనే ఆందోళన పడ్డారు. ఏకలవ్యుడి కథలో చాటుగా నేర్చుకున్న శిష్యుడు బొటనవేలు ఇచ్చుకున్నాడు. ఇక్కడ వేలు తెగుతున్నది గురువులకు.

న్యాయస్థానాలు ఇంకా తడుముకుంటున్నాయి. అమెరికాలో కొందరు చిత్రకారులు 2023 జనవరిలోనే ఈ సాధనాల కంపెనీల మీద దావా వేశారు. 2025 జూన్‌లో డిస్నీ, యూనివర్సల్ సంస్థలు మిడ్‌జర్నీని కోర్టుకు లాగాయి. మరోవైపు, యంత్రంతో చేసిన బొమ్మ ఎవరిదన్న చిక్కు ఒకటి ఉంది. కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో 2022లో బహుమతి గెలిచిన ఒక చిత్రాన్ని దాని యజమాని కనీసం 624 సార్లు ఆదేశాలు మార్చి మార్చి చేయించానన్నాడు. అయినా ఆ బొమ్మకు అమెరికా కాపీరైట్ కార్యాలయం రక్షణ నిరాకరించింది. మన దేశంలో 2020లో ఒక చిత్రానికి రాఘవ్ అనే ఏఐ సాధనాన్ని సహకర్తగా నమోదు చేసుకున్న కాపీరైట్ కార్యాలయం, మరుసటి ఏడాది దాన్ని వెనక్కి తీసుకుంటామని నోటీసు ఇచ్చింది. యంత్రం గీసిన దానికి హక్కు ఎవరిదని ఇంతగా తర్కించే వ్యవస్థ, యంత్రానికి నేర్పినవారి హక్కు దగ్గర మాత్రం నీళ్లు నములుతోంది.

2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) కమిటీ ఒక ప్రతిపాదన పత్రం విడుదల చేసింది. ఏఐ కంపెనీలు చట్టబద్ధంగా అందుబాటులో ఉన్న రచనలను, చిత్రాలను అనుమతి అడగకుండానే శిక్షణకు వాడుకోవచ్చు, అందుకు బదులుగా రాయల్టీ చెల్లించాలి, ఒక కేంద్రీయ సంస్థ దాన్ని వసూలు చేసి సృష్టికర్తలకు పంచాలి అన్నది దాని సారాంశం. చెల్లించక తప్పదనడం మెచ్చదగినదే. వద్దనే హక్కును సృష్టికర్త నుంచి తీసేయడం మాత్రం మాకు సమ్మతం కాదు. ఐరోపా సమాఖ్య 2019 నాటి కాపీరైట్ ఆదేశంలో కనీసం సృష్టికర్త తన పనిని ఇలాంటి వాడకం నుంచి తప్పించుకునే వీలు కల్పించింది. పంచడంలోనూ పెద్ద చిక్కుంది. పెద్ద స్టూడియోకు, ప్రచురణ సంస్థకు లెక్కలు ఉంటాయి, వకీళ్లు ఉంటారు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మనిషికి ఎవరున్నారు?

అక్కడ ఒక గుడ్డ బొమ్మగా మారడానికి పట్టే శ్రమను ఒక్కసారి చూడాలి. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో తొలి గీత పడుతుంది. వెదురు కలానికి ఉన్ని చుట్టి, బెల్లంతో ఇనుప ముక్కలను రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కసిమితో నల్లరేఖ లాగుతారు. ఆపైన పటిక, ఒక్కో రంగు, రంగు రంగుకూ మధ్య పారే నీటిలో ఉతకడం. 'కలంకారీ శైలిలో కృష్ణుడు' అని యంత్రానికి చెబితే క్షణాల్లో కృష్ణుడు వస్తాడు. ఆ బొమ్మను సింథటిక్ గుడ్డ మీద డిజిటల్‌గా అచ్చు వేస్తే వేల గజాలు సిద్ధం. ఆ శైలి తరతరాల ఉమ్మడి సొత్తు కాబట్టి అది ఏ ఒక్కరి కాపీరైట్ కిందికీ రాదు. ఇక రాయల్టీ ఎవరి ఖాతాలో పడుతుంది? చేర్యాల నకాశీలదీ ఇదే స్థితి. చింతగింజల పిండి, సుద్ద పట్టించిన గుడ్డ మీద వాళ్లు గీసే పటాలు ఊరికే అలంకారాలు కావు. ఒక్కో కులపురాణానికి ఒక్కో పటం, దాన్ని విప్పి చెప్పే కథకులు వేరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి పటంలో ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో గీసేవారికీ చెప్పేవారికీ తెలుసు. ఎర్రటి నేపథ్యాన్ని, కోటేరు ముక్కులను అనుకరించే యంత్రానికి ఆ కథతో పని లేదు.

ఈ కళలకు భౌగోళిక గుర్తింపు ఉంది కదా అనవచ్చు. ఆ గుర్తింపు ఇచ్చే 1999 నాటి చట్టం కాపాడేది పేరును. పేరు వాడకుండా రూపాన్ని ఎత్తుకుపోయేవారిని అది ఆపలేదు. స్క్రీన్ ప్రింటు అనుకరణలు కలంకారీని, మరమగ్గం నకళ్లు పోచంపల్లి ఇక్కత్‌ను ఎంత దెబ్బతీశాయో చూసినవాళ్లం. అనుకరించడానికి ఇదివరకు కనీసం ఒక డిజైనర్ కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరమూ లేదు.

మమ్మల్ని ఇంతకంటే కలవరపెడుతున్న విషయం మరొకటి ఉంది. చిత్రకారులు పెద్ద పనులతో తయారు కారు. దాదాపు 60 ఏళ్లు చందమామకు బొమ్మలు గీసిన శంకర్, ముఖచిత్రాలకు ప్రాణం పోసిన వడ్డాది పాపయ్య, పత్రికల్లో కార్టూన్లతో, కథల బొమ్మలతో తెలుగు గీతకు ఒక నడక ఇచ్చిన బాపు, వీరందరికీ నెల నెలా, వారం వారం వచ్చిపడే పనే సాధన. సోమవారానికల్లా బొమ్మ ఇవ్వాలన్న ఒత్తిడిలోనే గీత తేలికపడుతుంది. బాపు చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగా మారి శుభలేఖల మీదికెక్కింది. యంత్రంలోకి వెళ్లినా దాన్ని జనం బాపు అక్షరాలనే పిలిచారు. పేరు నిలిచింది. నేడు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనో, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో ఫైన్ ఆర్ట్స్ చదివి బయటికొచ్చే పిల్లలకు మొదట దొరికేవి ఇలాంటి చిన్న పనులే. కరపత్రాలు, పిల్లల పుస్తకాలు, ప్యాకెట్ల మీది బొమ్మలు. అవే ముందుగా యంత్రానికి పోతున్నాయి. మొదటి మెట్టు తీసేసి పై మెట్టు మీద నిలబడమంటే ఎలా?

ప్రభుత్వాలు తలచుకుంటే దారి లేకపోలేదు. కొడిగట్టిన శ్రీకాళహస్తి కలంకారీని 1950ల చివర్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఏర్పాటైన శిక్షణ కేంద్రమే నిలబెట్టింది. పాటల రచయితలు, స్వరకర్తలు రాయల్టీని వదులుకుంటామని సంతకం పెట్టినా చెల్లదని 2012లో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించింది. బేరమాడే బలం లేనివారి పక్షాన చట్టం నిలబడిన సందర్భం అది. చిత్రకారుల విషయంలోనూ అదే జరగాలి. శిక్షణకు తన పని వద్దనే హక్కు ప్రతి చిత్రకారుడికీ ఉండాలి. ఏ సంకలనాలతో శిక్షణ ఇచ్చారో కంపెనీలు బహిరంగపరచాలి. వసూలయ్యే రాయల్టీలో ఒక వంతు కాళహస్తి, పెడన, చేర్యాల, నిర్మల్ వంటి కళాకేంద్రాల ఉమ్మడి నిధికి చేరాలి. చేత్తో వేసిన గుడ్డకు, యంత్రం గీసి అచ్చేసిన గుడ్డకు తేడా కొనేవారికి తెలిసేలా చీటీ ఉండి తీరాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల చేతిలో ఢిల్లీని అడగనవసరం లేని పని ఒకటుంది. పాఠ్యపుస్తకాలకు, ప్రచార పత్రాలకు, ప్రభుత్వ భవనాల గోడలకు బొమ్మలు కావలసినప్పుడు స్థానిక చిత్రకారులతోనే గీయించాలి, తగిన డబ్బు ఇవ్వాలి, లోపలి పేజీలో వారి పేర్లు అచ్చు వేయాలి. పిల్లలు చదివే వాచకంలో యంత్రం బొమ్మ పెట్టి ఆదా చేసే సొమ్ము ఖజానాకు లెక్కలోకి రాదు. అదే సొమ్ము ఒక యువ చిత్రకారిణికి ఏడాది బతుకు.

మా వంతుగా మేము చేయగలిగింది చేస్తున్నాం. ఈ పత్రిక ఆదివారం కథలకు, పిల్లల పేజీకి బొమ్మలను చిత్రకారుల చేతే గీయిస్తుంది. గీసినవారి పేరు బొమ్మ కిందే ఉంటుంది. ఏ పేజీలోనైనా యంత్రంతో చేసిన చిత్రం వాడవలసి వస్తే ఆ సంగతి కూడా అక్కడే అచ్చు వేస్తాం.