మీ రూటును బట్టే పికప్ బండి

నల్లగొండ జిల్లా హాలియా దగ్గర మా చిన్నాయనకు బత్తాయి తోట ఉంది. రెండేళ్ల కింద డీజిల్ పికప్ కొన్నప్పుడు షోరూంలో ఆయన అడిగినవి మూడే: మైలేజీ ఎంత, డౌన్ పేమెంట్ ఎంత, కిస్తీ ఎంత. ఎనిమిదో నెలలో డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ లైటు వెలిగింది. "బండి మంచిగనే నడుస్తుంది కదా" అని డ్రైవర్ దాని మీద దేవుడి స్టిక్కర్ అంటించాడు. ఇంకో పదిహేను రోజులకు బండిలో సత్తువ పోయింది. కాయ లోడుతో చిన్న ఎత్తు కూడా ఎక్కలేక ఆగిపోతే ట్రాక్టర్‌కు తాడు కట్టి లాక్కొచ్చారు.

ఇంజిన్‌కు ఏమీ కాలేదు. పొగగొట్టంలో ఉండే డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ నిండిపోయిందంతే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ పికప్‌లకు ఇది తప్పనిసరి భాగమైంది. మసి నిండినప్పుడల్లా బండి తనంతట తానే కొంచెం డీజిల్ ఎక్కువ పోసి, పొగ వేడిని ఆరువందల డిగ్రీల దాకా పెంచి, ఆ మసిని కాల్చేస్తుంది. దానికి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో నడవాలి. నల్లగొండ నుంచి హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు 65వ నంబర్ హైవే మీద పోతే ఈ పని డ్రైవర్‌కు తెలియకుండానే అయిపోతుంది. మా చిన్నాయన బండి మాత్రం తోట నుంచి ఊళ్లో కాయ పోసే చోటికి తొమ్మిది కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి. పైగా లోడ్ ఎత్తుతున్నంతసేపు పాటల కోసం ఇంజిన్ ఆన్‌లోనే. సగం కాలిన మసి సగంలోనే ఆగేది. అలా ఆపినప్పుడల్లా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. గేజ్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ పెరిగి కనిపిస్తుంది. అది సంతోషించాల్సిన విషయం కాదు, ఆయిల్ పలచబడి బేరింగులు అరిగే దారి.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రోజుకు ఇరవై కిలోమీటర్లు కూడా తిరగని, తిరిగినా ఆగి ఆగి తిరిగే వాళ్లకు ఈ రోజుల్లో డీజిల్ పికప్ వద్దు. దారిలో సీఎన్‌జీ బంక్ ఉంటే టాటా ఇంట్రా వీ20 లాంటి పెట్రోల్, సీఎన్‌జీ బండి చూసుకోవడం మేలు. వారానికి మూడు నాలుగు ట్రిప్పులు హైదరాబాద్‌కో, జడ్చర్ల మీదుగా కర్నూలుకో పోయేవాళ్లకు డీజిల్‌ను మించింది లేదు.

"ఏ కంపెనీ ఇంజిన్ గట్టిది" అని అందరూ అడిగే ప్రశ్న నా లెక్కలో తర్వాతిది. బండి ముసలిదయ్యేది ఇంజిన్ దగ్గర కాదు, లోడ్ దగ్గర. 1.3 టన్నుల లోడ్ మోసే బండి కొని, రెండు కమాన్ పట్టీలు అదనంగా వేయించి, రెండున్నర టన్నులు ఎత్తడం మా జిల్లాలో మామూలే. పట్టీలైతే పెరిగాయి, బ్రేకులు, క్లచ్, వెనక యాక్సిల్ పాతవే కదా! సీజన్‌లో రెండు టన్నులు పడేది ఖాయమైతే మొదటే ఆ కెపాసిటీ ఉన్న టాటా యోధా 2.0 గానీ, మహీంద్రా బొలేరో మ్యాక్స్ పికప్ హెచ్‌డీ 2.0 గానీ తీసుకోవాలి. టాటా ఇంట్రా వీ50, అశోక్ లేలాండ్ దోస్త్‌లవి 1.5 లీటర్ల ఇంజిన్లు. చెప్పిన లోడ్‌లో పొదుపుగా నడుస్తాయి, రోజూ దానికి మించి మోయిస్తే త్వరగా అలసిపోతాయి. బొలేరో పికప్ 2.5 లీటర్ల ఇంజిన్ మీద చేయి పెట్టని మెకానిక్ మా వైపు దొరకడం కష్టం, పదేళ్లు ఉంచుకునేవాడికి అది పెద్ద ధైర్యం. అయితే ఆ మెకానిక్ దగ్గర బండి కంప్యూటర్‌లోని లోపం చదివే స్కానర్ ఉందా అని కూడా అడగండి. పానా, చెవితోనే రోగం పట్టే కాలం అంతకు ముందున్న బీఎస్4 బండ్లతోనే పోయింది.

కిస్తీలు అయిపోయాక ఖర్చులూ అయిపోతాయనుకోవద్దు. కిరాయికి తిరిగే ఈ సైజు గూడ్స్ బండికి, 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఏడాదికి 16,049 రూపాయలు, పన్ను అదనం. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి ఉండే ఫిట్‌నెస్ తనిఖీ ఆ తర్వాత ఏటా చేయించాలి.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లకు ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అమ్మేవాడు తను కొన్న ధర చూపిస్తే ఇవాళ్టి షోరూం ధర చూపించి బేరమాడండి. ఇంకోటి, మసి ఫిల్టర్ గొడవ పడలేక దాన్ని కోయించి ఖాళీ గొట్టం పెట్టించుకున్న బండ్లు కూడా అమ్మకానికి వస్తాయి. మా చిన్నాయన ఇప్పుడు బండి చూడ్డానికి పోతే ముందు బానెట్ ఎత్తనివ్వడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెనక్కి పోయి, వంగి, పొగగొట్టం లోపల వేలితో ఒకసారి తుడుస్తాడు. ఫిల్టర్ బాగుంటే వేలికి దాదాపు ఏమీ అంటదు. మొన్న మిర్యాలగూడలో చూసిన బండికి వేలు కాటుకలో ముంచినట్టు వచ్చింది. అమ్మేవాడి వైపు ఆ వేలు చూపించి, లుంగీకి తుడుచుకుని, చాయ్ కూడా తాగకుండా వచ్చేశాడు.